పన్నులో ఆకాశం

“ఛీ! ఇంత దరిద్రంగా ఎవడు చేశాడండీ ఈ పన్ను?”

తలుపు తోసుకుని వచ్చిన అమ్మాయి పెదవి పైకి లాగి పళ్ళు చూపించగానే మన అబ్బాయి నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఇది. నమస్కారం లేదు, కూర్చోమనడం లేదు.

“మీరే,” అంది ఆ అమ్మాయి.

అతని చేతిలోని బ్రష్ జారి బల్ల మీద పడింది.

“నేనా?”

“మీరే. కింద డాక్టరుగారు ఏమన్నారో తెలుసా? ‘మావాడు చేశాడంటే అసలు పన్నేదో పెట్టుడు పన్నేదో వాడే చెప్పలేడు’ అన్నారు. అన్నట్టే అయింది చూడండి, మీరే గుర్తుపట్టలేకపోయారు!”

ఇక్కడ మన అబ్బాయి సంగతి కొంచెం చెప్పాలి. కింది అంతస్తులో వాళ్ళమ్మ పళ్ళ డాక్టరు. పై అంతస్తులో ఇతను. కింద ఎవరి పన్ను విరిగినా అచ్చు తీసి, రంగు నంబరు రాసి, పైకి పంపిస్తారు. ఇతను పింగాణీ పొడిని నీళ్ళతో తడిపి, సన్నటి బ్రష్‌తో పొర మీద పొర వేసి, చిన్న కొలిమిలో కాల్చి కొత్త పన్ను కిందికి పంపిస్తాడు. పళ్ళ తాలూకు మనుషులు ఎవరూ పైకి రారు. రావాలని ఇతనికీ లేదు. చుట్టాల పెళ్ళికి వెళ్ళొచ్చాక పెళ్ళికూతురు ఎలా ఉందిరా అని అడిగితే, “పైవరస బాగుంది, కింద ఒకటి వంకర” అన్న ఘనుడు.

అలాంటివాడు ఇప్పుడు బెదిరిపోయి ఆ అమ్మాయి వైపు చూస్తున్నాడు. పన్ను ఒక్కటే కాదు కారణం. ఆ గొంతు తనకు తెలుసు. రోజూ పొద్దున పని చేసుకుంటూ వెనక మూల టీవీ పెట్టుకుంటాడు. తల తిప్పి చూసే తీరిక ఉండదు కాబట్టి వినడమే. వంతెన మరమ్మతులు, పరీక్షల ఫలితాలు, తుఫాను హెచ్చరికలు అన్నీ ఈ గొంతే చెప్పింది.

“మీరు... పొద్దున వార్తలు చదువుతారు కదూ?”

ఆ అమ్మాయి కోపం ఒక్క క్షణం ఆగింది. “ఎలా తెలుసు? నేను తెర మీద కనిపించనే! బొమ్మలు నడుస్తుంటే వెనక నుంచి చదువుతాను. మా ఆఫీసులో నన్ను ‘గొంతు’ అనే పిలుస్తారు.”

గొంతు తెలుసు, పన్ను తెలుసు, మనిషే తెలియదు.

“రెండేళ్ళు అడగ్గా అడగ్గా శుక్రవారం సాయంత్రం వార్తలు ఇచ్చారండీ. తెర మీద, నా మొహంతో! ఆ సంతోషంలో పరిగెత్తి స్టూడియో అద్దం తలుపుకి గుద్దుకున్నాను. ముందు పన్ను విరిగింది.”

“తలుపు కనిపించలేదా?”

“కనిపిస్తే గుద్దుకుంటానా?”

ఆమె ఫోన్ తీసి మొన్నటి ట్రయల్ రికార్డింగ్ చూపించింది. స్టూడియో దీపాల కింద మిగతా పళ్ళన్నీ పళ్ళలాగే ఉన్నాయి. ఆ ఒక్కటి మాత్రం సుద్దముక్కలా వెలిగిపోతోంది. అతను కళ్ళు మూసుకున్నాడు.

“మా ప్రొడ్యూసర్ ఏమన్నారో తెలుసా? ‘జనం వార్త వినరమ్మా, ఆ పన్నే చూస్తారు. గురువారం లోపల సరిచేసుకో, లేదంటే ఇంకో అమ్మాయిని కూర్చోబెడతాను’ అన్నారు. ఆ ఇంకో అమ్మాయి నిన్ననే కెమెరా కోసం జుట్టు కూడా కత్తిరించుకుంది!” ఫోన్ బ్యాగులో పడేసింది. “ఇది పోతే నేను జన్మంతా గొంతుగానే మిగిలిపోతాను.”

“రంగు ఎప్పుడు చూశారండీ మీకు? కింద, అమ్మ... పని మొదలుపెట్టేటప్పుడా, అయ్యాకా?”

“అయ్యాకే. గంటసేపు నోరు తెరిపించి, అన్నీ అయ్యాక ఆ రకరకాల తెలుపుల నమూనా పళ్ళ వరస పక్కన పెట్టి చూశారు. ఎందుకు?”

అతనికి విషయం అర్థమైపోయింది.

తడిసిన తెల్లచొక్కా ఒంటికి అంటుకుంటే లోపలి బనియన్ కనిపిస్తుంది. అదే ఆరితే మళ్ళీ తెల్లగా, మందంగా అయిపోతుంది. చొక్కా మారలేదు. దారాల సందుల్లో నీళ్ళుండే చోట గాలి చేరి, వెలుతురును లోపలికి పోనివ్వకుండా అన్ని వైపులా చెదరగొడుతుంది. పన్నూ అంతే. గంటసేపు నోరు తెరిచి ఆరబెడితే ఎవరి పన్నైనా సుద్దలా తెల్లగా తేలుతుంది. పళ్ళ పనిలో మొదటి వారం నేర్పే పాఠం ఇది. ఆ పాఠం అతనికి నేర్పింది అమ్మే. పాతికేళ్ళ అనుభవం ఉన్న అమ్మ ఎండిన పన్ను చూసి రంగు రాసిందా!

సరిగ్గా అప్పుడే డాక్టరమ్మ పైకి వచ్చింది. “ఏంటి గొడవ? పన్ను బాలేదా? ఎవరిది తప్పు?”

“నాదే,” అన్నాడు అతను. “పొడి ఎక్కువ కలిపాను. నువ్వు రాసిన రంగు కరెక్టేనమ్మా.”

అతని చెవులు ఎర్రబడ్డాయి. డాక్టరమ్మ ఆ చెవుల వైపు కాసేపు చూసి, దిగి వెళ్ళిపోయింది.

“రేపు పొద్దున రండి,” అన్నాడు ఆ అమ్మాయితో. “ట్యూబ్‌లైటు కింద రంగు తేల్చలేను. పగటి వెలుతురు కావాలి.”

మర్నాడు పొద్దున పగటి వెలుతురు తప్ప అన్నీ ఉన్నాయి. మబ్బు కమ్మేసింది. వాన అంటే మామూలు వాన కాదు, ఎవరో పైన కూర్చుని బిందెలు వరసగా బోర్లిస్తున్నట్టు. ఆ అమ్మాయి ఎర్ర గొడుగు వేసుకుని, సగం తడిసి వచ్చింది.

“గదిలో చీకటిగా ఉంది, డాబా మీదికి రండి,” అన్నాడతను.

“వానలోనా?”

“అక్కడే కాస్త వెలుతురుంది.”

డాబా మీద ఆ ఎర్ర గొడుగు కిందే ఇద్దరూ నిలబడ్డారు. అతను జేబులోంచి దూది తీసి ఇచ్చాడు.

“లిప్‌స్టిక్ తుడిచేయండి.”

“ఏంటీ?”

“ఆ రంగు పళ్ళ మీద పడుతుంది.”

కొరకొరా చూస్తూ తుడుచుకుంది. “పొద్దున్నే అరగంట కూర్చుని వేసుకున్నానండీ. అసలు మీకు మనుషులతో మాట్లాడటం వచ్చా? నిన్న రాగానే ఛీ అన్నారు, ఇవాళ వానలో నిలబెట్టారు, ఇప్పుడేమో...”

“నోరు మూసుకోండి.”

ఆ అమ్మాయి కొయ్యబారిపోయింది. రెండేళ్ళుగా లక్షలమంది విన్న గొంతును పట్టుకుని ఇంత తేలిగ్గా నోరు మూసుకోమన్నవాడు మరొకడు లేడు.

“అయ్యో, అలా కాదండీ!” అతను కంగారుపడ్డాడు. “మాట్లాడితే గాలి తగిలి పళ్ళు ఆరిపోతాయి. ఆరితే రంగు మారిపోతుంది. పెదాలు మూసి, నాలుకతో ఒకసారి తడిపి, అప్పుడు నవ్వండి.”

ఆమె పెదాలు మూసింది. తడిపింది. తెరిచింది. “అయితే ఆ రోజు గంటసేపు నోరు తెరిచి ఉంచినప్పుడు...”

“ఆ రోజు తప్పు నాదే,” అన్నాడు తొందరగా. “గొడుగు మూసేయండి.”

“ఏమన్నారు?”

“గొడుగు ఎర్రటిది. దాంట్లోంచి వచ్చే వెలుతురుకి మీ పళ్ళన్నీ గులాబీరంగులో కనిపిస్తున్నాయి.”

ఆమె అతని మొహంలో వేళాకోళం కోసం వెతికింది. లేదు. గొడుగు మూసేసింది. ఇద్దరూ నిలువునా తడిసిపోయారు. అతను నమూనా పళ్ళ వరస ఆమె పెదాల పక్కన పెట్టి, వంగి, ఐదారు సెకన్లు చూసి, గిరుక్కున తిరిగి డాబా పిట్టగోడ వైపు చూస్తూ నిలబడ్డాడు. మళ్ళీ చూశాడు. మళ్ళీ గోడ. మళ్ళీ ఒకసారి.

మూడోసారి గోడ వైపు తిరిగేసరికి వెనక నుంచి సన్నగా వినిపించింది. “అంత ఘోరంగా ఉన్నానా?”

అతను తిరిగి చూశాడు. వాన నీళ్ళు ఏవో, కన్నీళ్ళు ఏవో తెలియడం లేదు.

“తెర మీద నేను బాగుండనని చాలామంది అన్నారు. ఆ గొంతుకి తగ్గ మొహం కాదన్నారు. కానీ నన్ను చూసి గోడకేసి తిరిగినవాళ్ళు మాత్రం ఎవరూ లేరండీ.”

అతను అదిరిపోయాడు. “మీ గురించి కాదండీ, ఒట్టు! రంగు చూసేటప్పుడు కన్ను త్వరగా అలసిపోతుంది. ఎక్కువసేపు చూస్తే అన్నీ ఒకటే రంగులా అనిపిస్తాయి. మధ్యలో బూడిదరంగు దేన్నయినా చూస్తే కన్ను తేరుకుంటుంది. ఆ పిట్టగోడ బూడిదరంగులో ఉంది, అంతే.”

“అంటే నన్ను ఇంకా బాగా చూడాలనే గోడని చూస్తున్నారా?”

“అవునండీ.”

ఆమె ఫక్కున నవ్వింది. నవ్వి, వెంటనే అలవాటుగా అరచెయ్యి అడ్డం పెట్టుకుంది. “చెయ్యి తీయండి,” అన్నాడు అతను. “నవ్వినప్పుడు అంచు బాగా కనిపిస్తోంది.” ఆ వానలో, ఆ మాటకి, ఆమె మనసు అతని వైపు మొగ్గింది. అతను మాత్రం పన్ను అంచులో ఏ పొర ఎంత మందం వెయ్యాలా అని లెక్క వేసుకుంటున్నాడు. ఇలాంటివాళ్ళని ఏం చెయ్యాలో మీరే చెప్పండి.

గురువారం మధ్యాహ్నం ఆమె కొత్త బట్టలు వేసుకుని వచ్చింది. అతను తలెత్తి, “లిప్‌స్టిక్ వేసుకోలేదు, మంచిది” అన్నాడు. అంతే. ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

బల్ల మీద నల్లగుడ్డ. దాని మీద బియ్యపు గింజలా మెరుస్తూ కొత్త పన్ను. ఆమె వంగి చూసి కెవ్వుమంది.

“ఇది నీలంగా ఉంది!”

“అంచు దగ్గర కాస్త.”

“కాస్తేంటండీ! రేపు నేను వార్తలు చదవాలి! సుద్దముక్క తీసేసి సిరాచుక్క పెడతారా?”

అతను పట్టకారుతో పన్ను పైకెత్తి కిటికీ వెలుతురుకి అడ్డంగా పట్టుకున్నాడు. “ఇప్పుడు చూడండి.”

అంచు నారింజ రంగులో వెలుగుతోంది. ఆమె రెండడుగులు వెనక్కి వేసింది.

“ఇందాక నీలం, ఇప్పుడు నారింజ! ఎన్ని రంగులు పూశారు?”

“ఒక్కటీ పూయలేదు. ఆ అంచులో రంగే లేదు.”

అతనికి ఇక మాటలు వాటంతట అవే వచ్చాయి. పళ్ళ గురించి మాట్లాడేటప్పుడు మాత్రం అతనికి బెరుకు ఉండదు.

“తెల్లటి వెలుతురులో అన్ని రంగులూ కలిసే ఉంటాయి కదా. ఈ పింగాణీలో కంటికి ఆననంత చిన్న రేణువులున్నాయి. నీలం వాటికి తగిలి ఇట్టే చెదిరిపోతుంది, చెదిరి మన వైపుకి వస్తుంది. ఎరుపు, నారింజ అంతగా చెదరవు. తిన్నగా అవతలికి దాటిపోతాయి. ఇటు నుంచి చూస్తే చెదిరిన నీలం కనిపిస్తుంది, వెనక నుంచి వెలుతురు వస్తే దాటొచ్చిన నారింజ కనిపిస్తుంది. ఆకాశం పగలు నీలంగా ఉండేదీ, సాయంత్రం సూర్యుడి దగ్గర ఎర్రబడేదీ ఇలాగే. పొద్దు వాలేటప్పుడు వెలుతురు చాలా గాలిని దాటి రావాలి. దారిలోనే నీలమంతా చెదిరిపోతుంది, ఎరుపు మిగిలి మన దాకా వస్తుంది.”

“నా పన్నులో ఆకాశం పెట్టారా?”

“నేను పెట్టలేదండీ. మీ పక్క పన్నులో ముందే ఉంది. నేను కాపీ కొట్టాను.”

ఆమె నమ్మలేదు. అతను చేతి అద్దం ఇచ్చి, చిన్న టార్చ్ వెలిగించి ఆమె పక్క పన్ను వెనక పెట్టాడు. అద్దంలో తన సొంత పన్ను నిప్పు కణికలా వెలిగింది.

“అమ్మో!” టార్చ్ అతని చేతిలోంచి లాక్కుని మిగతా పళ్ళన్నీ ఒక్కొక్కటే చూసుకుంది. “ఇన్నేళ్ళుగా ఇది నోట్లో పెట్టుకుని తిరుగుతున్నానా? నాకెవరూ చెప్పలేదేంటి!”

“ఎవరూ అంత దగ్గరగా చూసి ఉండరు.”

అతను మామూలుగానే అన్నాడు. ఆమె మాత్రం అద్దం దించి అతని వైపు చూసింది. అతనేమో పన్ను వైపు చూస్తున్నాడు.

కింద కుర్చీలో ఆమెని పడుకోబెట్టి, పాత పన్ను తీసి, కొత్తది అతికిస్తూ డాక్టరమ్మ అసలు సంగతి బయటపెట్టింది. ఆమె ఎంచుకున్న సమయం చూడండి: పేషెంటు నోట్లో నాలుగు దూది ఉండలు, ఒక గొట్టం.

“అమ్మాయీ, నీకో మాట చెప్పాలి. మొదటి పన్ను పాడవడం మావాడి తప్పు కాదు. నాది.”

“ఆఁ?”

“కదలకు. నీ పన్ను ఎండిపోయాక రంగు చూశాను. ఆ రోజు తొందరలో ఉన్నాను, పాతికేళ్ళుగా చేస్తున్నాననే ధీమా ఒకటి. వాడు అది కనిపెట్టేశాడు. అయినా నీ ముందు నా పరువు పోకూడదని తన మీద వేసుకున్నాడు. వాడు అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి, చిన్నప్పటి నుంచీ అంతే. నన్ను క్షమించు.”

“ఊఁ! ఆఁ ఊఁ!”

“చెప్పాలనుకున్నది అరగంట తర్వాత చెప్పు.”

అరగంట తర్వాత లేచి కూర్చుని ఆ అమ్మాయి అడిగింది ఒక్కటే. “డాక్టరుగారూ, ఆయన ఎప్పుడైనా ఎవరి మొహమైనా చూస్తారా?”

డాక్టరమ్మ చేతి తొడుగులు తీస్తూ ఆగిపోయింది. ఆమెకి విషయం అర్థమైంది. “ఇప్పటిదాకా నా మొహం కూడా సరిగ్గా చూడలేదమ్మా,” అంది దిగులుగా.

శుక్రవారం సాయంత్రం. మూల టీవీని డాక్టరమ్మ తనే బల్ల వైపుకి తిప్పింది. మన అబ్బాయి కుర్చీ అంచున కూర్చున్నాడు. ఆ దీపాల కింద పన్ను మళ్ళీ తెల్లగా తేలితే? నీలం ఒక్క పిసరు ఎక్కువైతే? ఆమె రెండేళ్ళ ఎదురుచూపు గోరంత పింగాణీ మీద ఆగి ఉంది. ఆ పింగాణీ తను చేసింది.

సంగీతం వచ్చింది. ఆమె వచ్చింది.

“నమస్కారం. ముందుగా ముఖ్యాంశాలు.”

ఆ గొంతే. కానీ ఆ గొంతుకి కనుబొమలున్నాయి. కష్టమైన వార్త దగ్గర అవి కాస్త దగ్గరికి వస్తాయి. ఎడమ చెంప మీద చిన్న మచ్చ ఉంది. పేజీ తిప్పే ముందు కళ్ళు ఒక్క క్షణం కిందికి వాలి పైకి లేస్తాయి. మంటల్లో చిక్కుకున్నవాళ్ళు బతికి బయటపడ్డారన్న వార్త చదివేటప్పుడు ఆ కళ్ళు నిజంగానే సంతోషించాయి. మూడు రోజులు తన ఎదురుగా నిలబడిన మనిషి ఈమేనా? వానలో, అంత దగ్గరగా, తను ఏం చూస్తూ నిలబడ్డాడు?

క్రీడలు అయ్యాయి. వాతావరణం అయింది. ఆమె చేతులు జోడించి నవ్వింది. తెర మీద ప్రకటన వచ్చింది.

“బాగుందిరా,” అంది డాక్టరమ్మ. “అతికించింది నేనే అయినా తెర మీద పట్టుకోలేకపోయాను. నీకేమనిపించింది?”

అతను తల్లి వైపు చూశాడు. అతని మొహం తెల్లగా పాలిపోయి ఉంది.

“ఏంట్రా, తేడా వచ్చిందా?”

“చూడలేదమ్మా.”

“ఏం చూడలేదు?”

“పన్ను. చూడటం మర్చిపోయాను.”

డాక్టరమ్మకి కుర్చీ వెతుక్కోవాల్సి వచ్చింది. తన కొడుకు! పెళ్ళికూతురి పైవరస చూసొచ్చినవాడు!

ఫోన్ మోగింది. ఆమే. వెనక ఆఫీసులో చప్పట్లు, కేకలు.

“పన్ను ఎలా ఉంది? ఇక్కడ అందరూ బాగుందంటున్నారు. ప్రొడ్యూసర్ సోమవారం నుంచి రోజూ నువ్వే అన్నారు. కానీ నాకు మీ మాట కావాలి. నిజం చెప్పండి.”

బాగుంది అంటే సరిపోయేది. అతను ఒక చెవి తడుముకున్నాడు.

“చూడలేదండీ.”

“ఏంటీ? కరెంటు పోయిందా?”

“లేదు. ముఖ్యాంశాల నుంచి వాతావరణం దాకా కళ్ళు తిప్పలేదు. కానీ పన్ను చూడలేదు.”

“మరి అంతసేపూ ఏం చూశారు?”

“మిమ్మల్ని.”

రెండేళ్ళలో ఒక్కసారి కూడా తడబడని గొంతు పూర్తిగా ఆగిపోయింది.

“హలో? ఉన్నారా?”

“ఉన్నాను.” చాలా చిన్నగా వినిపించింది. “ఇంకోసారి చెప్పండి. ఇక్కడ గోలగా ఉంది.”

“మిమ్మల్నే చూశాను. ఎడమ చెంప మీద మచ్చ ఉందని ఇవాళే తెలిసింది. నాకు మీరంటే ఇష్టమండీ. ఆ పన్ను రేపు ఊడిపోయినా ఇష్టమే.”

“ఊడిపోతే నా ఉద్యోగం పోతుంది!”

“మళ్ళీ చేసిపెడతాను.”

అటు నుంచి నవ్వు వినిపించింది. చెయ్యి అడ్డం లేని నవ్వు. ఆ నవ్వు మధ్యలోనే, “నాకూ మీరంటే ఇష్టమే, వానలో గోడ చూసినప్పటి నుంచీ” అని ఆమె గబగబా అనేసింది. అతను ఫోన్ పట్టుకుని శిలలా నిలబడిపోయాడు. ఇక వీడితో అయ్యే పని కాదని డాక్టరమ్మ ఫోన్ అందుకుంది.

“అమ్మాయీ, నేనమ్మా. చాలా బాగా చదివావు. మీ అమ్మగారి నంబరు చెప్పు.”

“ఎందుకండీ?” ఆ అమ్మాయి కంగారుపడింది.

“ఆవిడ పళ్ళు చూద్దామని కాదులే.”

ఆమె ఒక్కో అంకెనూ విడివిడిగా, వార్తలు చదివినంత స్పష్టంగా చెప్పింది. డాక్టరమ్మ దాన్ని అరచేతి మీద రాసుకుంది.